బాయి పేరు అంతయ్య

కరీంనగర్,
12 ఫిబ్రవరి 2025

బాపూ,

ఇది చదివే ముందు కుర్చీలో కూర్చో. నీళ్ల చెంబు పక్కన పెట్టుకో.

నిన్న సాయంత్రం మస్కట్ నుంచి ప్రణయ్‌కి ఫోన్ వచ్చింది. మన రవి పని చేసే చోట పై అంతస్తు నుంచి కింద పడ్డాడు. బతికే ఉన్నాడు. ఈ మాట రెండుసార్లు చదువు. వెన్ను దెబ్బతిన్నది, తలకూ తగిలింది. కళ్లు తెరుస్తున్నాడు కానీ మాట లేదు, ఎవరినీ గుర్తుపట్టడం లేదట. ఇంటికి పంపిస్తామని వాడి కంపెనీవాళ్లు అంటున్నారు, టికెట్లు కూడా వాళ్లే పెట్టుకుంటారు. కానీ రక్తసంబంధీకులు ఒకరు అక్కడికి వచ్చి, ఆసుపత్రిలో సంతకం పెట్టి, స్ట్రెచర్ వెంట ఉండి తీసుకుపోవాలి. లేకపోతే పంపరు.

నేను పోదామంటే ఏడో నెల. డాక్టరమ్మ మంచం దిగొద్దంది. ప్రణయ్ వాడికి బావే కానీ రక్తం కాదు. మమ్మల్ని కన్న అవ్వ ఉంటే కొంగు బిగించి అవ్వే పోయేది, ఆమె పోయి మూడేళ్లాయె. ఇక మిగిలింది నువ్వే.

నీకు పాస్‌పోర్టు కావాలి, తొందరగా కావాలి. ఇక్కడి పాస్‌పోర్టు ఆఫీసులో 19వ తారీఖుకు ప్రణయ్ నీ పేరు రాయించాడు. దరఖాస్తులో ఒక గడి ఉంటుంది, మీకు వేరే పేరు ఏమైనా ఉందా అని. అందులో బుచ్చిరాములు అని రాయించాలి. నీ ఆధార్, పెన్షన్, అన్నీ నీ బొగ్గుబాయి పేరు అంతయ్య మీద ఉన్నాయి. రవి పాస్‌పోర్టులో తండ్రి పేరేమో బుచ్చిరాములు. ఇద్దరూ ఒక్కడే అని సర్కారు ఒప్పుకుంటే తప్ప అక్కడ నువ్వు వాడికి ఏమీ కావు.

నీకు ఫోన్లో వినపడదని పెద్ద అక్షరాలతో కొట్టాను. నువ్వు ఎప్పటిలాగే కాగితం మీద రాసి ఫోటో తీసి పంపు. బొటనవేలు అడ్డం రానీయకు.

నీ బిడ్డ,
భూమిక


నస్పూర్,
14 ఫిబ్రవరి

చిరంజీవి భూమికకు బాపు దీవెనలు.

కూర్చొనే చదివాను. బతికే ఉన్నాడన్న ముక్క దగ్గర ఆగిపోయి, మిగతాది చదవడానికి చాలాసేపు పట్టింది. వాడు పోయేటప్పుడే చెప్పాను, "ఎక్కే పని మనకు అచ్చిరాదురా, మన ఇంట్ల అందరం దిగెటోల్లమే" అని. నవ్వాడు. నేను బొగ్గుబాయిలోకి దిగి, మందు పేల్చి, చెవులు పోగొట్టుకుని అయినా మీదికి వచ్చాను. వాడు ఆకాశంలోకి ఎక్కి పడ్డాడు.

నా రెండు పేర్ల సంగతి ప్రణయ్‌కి నువ్వు సగమే చెప్పి ఉంటావు. పూర్తిగా చెప్పు. మా అన్న అంతయ్యకు బాయిలో నౌకరీ కాగితం వచ్చింది. చేరకముందే కామెర్లతో పోయాడు. ఇంట్లో ఏడుపు ఆగకముందే పెద్దమనుషులు ఆ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టారు. "పోయినోడు పోయిండు, నౌకరీ ఎందుకు పోవాలె? ఇగ నువ్వే అంతయ్యవు" అన్నారు. ఆ కాలంలో మా బాయిలో నాలాంటివాళ్లు చాలామంది. దిగేటప్పుడు ఒక పేరు, ఇంటికొచ్చాక ఒక పేరు. నిన్ను నా దగ్గర కాలనీ బడిలో వేశాను కాబట్టి నీ కాగితాల్లో నేను అంతయ్యను. రవిని హుస్నాబాద్ దగ్గర మా ఊళ్లో మా అవ్వ పెంచింది. చచ్చిన కొడుకు పేరును మనవడికి తండ్రిగా రాయించడానికి ముసలిదానికి మనసొప్పలేదు. నా అసలు పేరు రాయించింది. అట్లా ఒక కడుపున పుట్టిన మీ ఇద్దరికీ కాగితాల మీద ఇద్దరు తండ్రులు.

అయితే బిడ్డా, ఆ రెండో పేరు గడి ఖాళీగా ఉంచితే ఏమైతుంది? పాస్‌పోర్టు అంతయ్య పేరు మీద రానీ. అక్కడికి పోయాక నేను చూసుకుంటాను. వాడి ముక్కు, నా ముక్కు పక్కపక్కన పెట్టి చూస్తే తెలియదా? అన్న పేరు మీద ఇన్నేళ్లు బువ్వ తిన్నాను. ఇప్పుడు ఆ పేరు నాది కాదంటే, ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటినంక బోడి మల్లయ్య అన్నట్టు ఉంటుంది. జర ఆలోచించు.

బాపు


కరీంనగర్,
16 ఫిబ్రవరి

బాపూ,

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నాడట నీలాంటివాడే. ముక్కులు చూసి మనిషిని అప్పగించడానికి అది మన మంచిర్యాల ఆసుపత్రా?

నువ్వు భయపడేది దేనికో నాకు తెలుసు. మారుపేరుతో పని చేశానని నోటరీ ముందు ఒప్పుకుంటే పెన్షన్ ఆపేస్తారని. చిన్నప్పటి నుంచీ ఈ భయంలోనే పెరిగాను. ఒకటో తరగతిలో సారు అడిగితే బాపు పేరు బుచ్చిరాములు అని చెప్పినందుకు అవ్వ నన్ను చెంపమీద కొట్టింది. జన్మలో అవ్వ నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. అప్పుడు మారుపేర్ల ఎంక్వైరీ అని ఎవరో ఒకరు మన క్వార్టర్ల లైనులో తిరుగుతూనే ఉండేవారు. పిల్లలందరికీ ఎక్కాలకన్నా ముందు బాపు బాయి పేరు నేర్పించేవాళ్లు. అదంతా నాకు గుర్తుంది బాపూ. కానీ అక్కడ రవి మూత్రం గొట్టంతో, ఎవరూ లేకుండా, భాష తెలియనివాళ్ల మధ్య పడి ఉన్నాడు. పెన్షన్ ఎక్కువా, కొడుకు ఎక్కువా? ఈ మాట నిన్ను అడగాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

19న పొద్దున బస్టాండుకు ప్రణయ్ వస్తాడు. ముందు నోటరీ దగ్గరికి, అక్కడి నుంచి పాస్‌పోర్టు ఆఫీసుకు. పని అయ్యాక ఇంటికి రా. అత్తమ్మ నీకోసం జొన్నరొట్టె చేస్తానంది.

భూమిక


నస్పూర్,
20 ఫిబ్రవరి

చిరంజీవి భూమికకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. నోటరీ కాగితం మీద వేలిముద్ర చాలన్నారు, నేను సంతకమే పెట్టాను. పాస్‌పోర్టు ఆఫీసులో ఆడపిల్ల ఎవరో అడుగుతుంటే పెదవులు చూసి జవాబు చెప్పాను. వేరే పేరు ఉందా అని అడిగినప్పుడు అలవాటు కొద్దీ "లేదు" అన్నాను. ప్రణయ్ నా చెయ్యి గిల్లాడు. అప్పుడు "ఉన్నది" అని, బుచ్చిరాములు అని రాయించాను. ఇక పోలీసులు ఇంటికొచ్చి విచారిస్తారట.

బస్సుకు టైమైందని ఇంటికి రాలేదు. అత్తమ్మకు చెప్పు, రొట్టె ఇంకోసారి తింటానని.

బాపు


కరీంనగర్,
3 మార్చి

బాపూ,

ఇంత దూరం వచ్చి, ఇంటి ముందు నుంచే బస్సులో పోయావు. కిటికీ దగ్గర మంచం వేయించుకుని రోడ్డు చూస్తూ పడుకున్నాను. నీకు అంత కోపం వచ్చిందా? వస్తే వచ్చి తిట్టిపోవాల్సింది. తిట్లు తిని ఎన్నాళ్లయిందో.

సరే, అది పోనీ. ప్రణయ్ ఇవాళ కంప్యూటర్లో చూస్తే నీ దరఖాస్తు ఆగిపోయింది. పోలీసు రిపోర్టు వ్యతిరేకంగా వచ్చిందట. నస్పూర్‌లో ఏం జరిగింది? నీకోసం ఎవరూ రాలేదా? వస్తే ఏం చెప్పావు? మళ్లీ "లేదు" అన్నావా?

మస్కట్ మనిషి మళ్లీ ఫోన్ చేశాడు. రంజాన్ ఉపవాసాల నెల మొదలైంది. పండుగ లోపల ఎవరూ రాకపోతే ఆ ఆసుపత్రిలో ఇక ఉంచరట, దిక్కులేనివాళ్లను పెట్టే చోటికి మారుస్తారట. ఆ చోటు ఎక్కడ ఉందని అడిగితే సరిగా చెప్పలేదు. రవికి వీపు మీద పుండ్లు పడ్డాయి. ఫోటో పంపాడు. నీకు పంపడం లేదు, చూడలేవు.

రాత్రిళ్లు కడుపులో బిడ్డ తన్నినప్పుడల్లా నాకు వాడి కాళ్లు గుర్తొస్తున్నాయి. ఏం జరిగిందో వెంటనే రాయి.

భూమిక


నస్పూర్,
4 మార్చి

బిడ్డా,

ఏం జరిగిందో రాస్తాను. నవ్వాలో, తల గోడకు కొట్టుకోవాలో నువ్వే చెప్పు.

పోలీసాయన పోయిన వారమే వచ్చాడు, నీకెట్లా చెప్పాలో తెలియక ఆగాను. తలుపు కొట్టాడు. నేను లోపల పేపరు చదువుకుంటున్నాను. ఎంతసేపు కొట్టాడో ఏమో, నాకేం వినపడుతుంది? తలుపు తీయకపోయేసరికి పక్కింటి బాలవ్వను అడిగాడు. సాయంత్రం బాలవ్వ గిన్నెలో సర్వపిండి పెట్టుకుని నవ్వుకుంటూ వచ్చింది. మామూలు బట్టల్లో ఎవడో వచ్చాడని, నా అసలు పేరు కూపీ లాగాడని, చేతులు తిప్పుతూ చెప్పింది. నాకు అర్థం కావడానికి పలక మీద రాసి మరీ చూపించింది. "బుచ్చిరాములు ఎవలు సారూ? ఆ పేరుగల్లోడు గీ లైన్ల ఎన్నడు లేడు. గీయన అంతయ్య, పుట్టినకాన్నుంచి అంతయ్యనే" అన్నదట. అంతటితో ఆగలేదు. ఎదురింటివాళ్లను, టీకొట్టు దగ్గర నాతో పని చేసిన ముసలోళ్లను కూడా అడిగాడట. ఒక్కడు తప్పలేదు. "అన్నా, ఫికర్ చెయ్యకు. మేమున్నంక నీ పేరు ఎట్ల బయటికొస్తది?" అంది బాలవ్వ.

ఎవరిని తిట్టను? ఇన్నేళ్లూ వాళ్లకు నేర్పింది మేమే. ఆ సర్వపిండి నేను ముట్టలేదు.

ఇంకొకటి కూడా రాయాలి. రాయొద్దనే అనుకున్నాను. నువ్వు పెన్షన్ ఎక్కువా కొడుకు ఎక్కువా అన్నావు. పెన్షన్ ఎవనిక్కావాలె బిడ్డా? నా చెవులు పోయాయని బాయి పని నుంచి తీసేసినప్పుడు, నా బదులు కంపెనీ గోదావరిఖని ఆఫీసులో నీకు కుర్చీ ఇచ్చింది. అంతయ్య బిడ్డవని ఇచ్చింది. నా చెవులూ, మా అన్న పేరూ కలిపితే నీ నౌకరీ. నేను అంతయ్యను కాదని ఒప్పుకున్న రోజు నువ్వు ఎవరి బిడ్డవు? ఆ కుర్చీ ఎవరిది? కడుపుతో ఉన్నదానివి, ఇది నీకెట్లా చెప్పను? ఒక చేత్తో కొడుకును లాగుతుంటే ఇంకో చెయ్యి బిడ్డను తోసేస్తోంది. ఆ రోజు మీ ఇంటికి వస్తే నీ ముఖం చూసి ఏడ్చేవాణ్ని, ఏడిస్తే చెప్పేసేవాణ్ని. అందుకే బస్సెక్కాను. కోపం కాదు.

ఇప్పుడు రెండూ పోయేట్టున్నాయి. ఏం చేయాలో నాకు తోచడం లేదు. బాయిలో కప్పు కూలినప్పుడు కూడా ఇట్లా కాలేదు, అప్పుడు కనీసం ఎటు ఉరకాలో తెలిసేది.

బాపు


కరీంనగర్,
4 మార్చి, సాయంత్రం

బాపూ,

నా నౌకరీ సంగతి నాకు తట్టనే లేదు. ఆ కుర్చీలో కూర్చుని కూడా అది దేని మీద నిలబడిందో మర్చిపోయాను. నిన్ను అన్న మాట వెనక్కి తీసుకునే దారి ఉంటే బాగుండు. ప్రణయ్‌కి చదివి వినిపించబోయి సగంలో ఆపేశాను.

పోతే పోనీ. నేను చదువుకున్నాను, ఏదో ఒకటి చేసుకుంటాను. ప్రణయ్ కూడా అదే అన్నాడు. అత్తమ్మ మాత్రం లోపలికి పోయి తలుపు వేసుకుంది. తర్వాత వచ్చి "తమ్ముణ్ని తెచ్చుకో పొల్లా" అంది.

రేపే బాలవ్వను తీసుకుని పోలీస్ స్టేషన్‌కు పో. లేదన్న నోళ్లే ఉన్నాడని చెప్పాలి, వేరే దారి లేదు. ఎంతమంది వస్తే అంతమందిని తీసుకుపో. మళ్లీ విచారణ చేయమని దరఖాస్తు ప్రణయ్ పెడుతున్నాడు. ఆలస్యం చేయకు బాపూ, నీ కాళ్లు మొక్కుతాను.

భూమిక


నస్పూర్,
8 మార్చి

చిరంజీవి భూమికకు దీవెనలు.

మొదటిరోజు ఎవరూ రాలేదు. నేను టీకొట్టు దగ్గర నిలబడి రవి సంగతంతా చెప్పాను. గట్టిగానే చెప్పి ఉంటాను, నా గొంతు నాకు తెలియదు కదా. అందరూ ఏడ్చారు, కానీ స్టేషన్ అనేసరికి తలలు దించుకున్నారు. వాళ్లను అనడానికి లేదు. నా పక్కన నిలబడి "ఈయనకు రెండు పేర్లున్నయ్" అంటే, "మరి నీకో?" అని అడుగుతారు. అక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది సొంత పేరు పెళ్లిపత్రికలో తప్ప ఇంకెక్కడా రాసుకోనివాళ్లే.

రెండో రోజు పొద్దున ఒక్కణ్నే బయలుదేరాను. గేటు దగ్గర బాలవ్వ నిలబడి ఉంది. ఉతికిన చీర కట్టుకుని, చేతిలో మొగుని ఫోటో పట్టుకుని. ఆమె పెన్షన్ కూడా మొగుని బాయి పేరు మీదే వస్తుందని నీకు తెలుసు కదా. అది పోతే ఆమెకు ఇంకేమీ లేదు. వద్దన్నాను. వినలేదు. పలక తీసుకుని రాసింది: "నేను చేసిన పని నేనే సరి చెయ్యాలె."

స్టేషన్‌లో ఎస్సై ముందు నిలబడి ఆమె ఏమేమి చెప్పిందో నాకు వినపడలేదు. నా ముఖం వైపు వేలు చూపించి ఒక మాట పదే పదే అంటోంది. పెదవులు చూశాను. బుచ్చిరాములు, బుచ్చిరాములు. మీ అవ్వ నాగవ్వ తప్ప ఆ పేరుతో నన్ను ఇంకో ఆడమనిషి పిలవగా చూడటం అదే. ఎస్సై మొగుని ఫోటో చూసి ఏదో అడిగాడు. బాలవ్వ భయపడుతూనే జవాబు చెప్పింది. ఇంతలో వెనక్కి తిరిగి చూస్తే టీకొట్టు ముసలోళ్లు ఒకరి వెనక ఒకరు లోపలికి వస్తున్నారు. తలపాగాలు తీసి చేతుల్లో పట్టుకుని, దొంగతనం ఒప్పుకోవడానికి వచ్చినట్టు నిలబడ్డారు. అందరివీ రాసుకున్నాడు. వాళ్ల పేర్లు అడిగాడు కానీ రెండో పేర్లు అడగలేదు. మంచివాడు. లేకపోతే అలసిపోయినవాడు.

రిపోర్టు మార్చి పంపుతానన్నాడు. నేను బాలవ్వ కాళ్లు మొక్కబోతే చేతి మీద ఒక్కటేసింది.

బాపు


కరీంనగర్,
27 మార్చి

బాపూ,

పాస్‌పోర్టు చేతికొచ్చింది, వీసా వచ్చింది, అన్నీ ప్రణయ్ సంచిలో పెట్టాడు. ఇది హైదరాబాద్‌లో విమానం ఎక్కాక చదువుకో.

నీ జేబులో ఒక అట్టముక్క ఉంది. దాని మీద "నాకు వినపడదు, రాసి చూపించండి" అని ఇంగ్లిష్‌లో, అరబ్బీలో రాయించాం. ఎవరు పిలిచినా అది చూపించు. సిగ్గుపడకు. పాస్‌పోర్టులో అంతయ్య అని ఒక్క పేరే ఉంటుంది. కాబట్టి నోటరీ కాగితం, పోలీసు కాగితం దానితో కలిపి చూపించు. ఈ పది రోజుల్లో రవికి జ్వరం రెండుసార్లు వచ్చి తగ్గింది. ఇప్పటికీ ఎవరినీ గుర్తుపట్టడం లేదు. నిన్ను గుర్తుపట్టకపోయినా బాధపడకు.

దాచడం మన ఇంట్లో ఇక చాలు కాబట్టి ఇది కూడా చెబుతున్నాను. మా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. తండ్రి పేరు విషయంలో సంజాయిషీ ఇవ్వమన్నారు. ఎవరో చెప్పారు, ఎవరైతే ఏం? ఉన్నది ఉన్నట్టే రాసి ఇచ్చాను. ఏమవుతుందో అవుతుంది. నువ్వు వాణ్ని తీసుకుని రా.

నీ భూమిక


మస్కట్,
1 ఏప్రిల్

బిడ్డ భూమికకు,

చేరాను. పండుగ నిన్ననే అయింది. ఇంకా మార్చలేదు, అదే ఆసుపత్రిలో ఉన్నాడు. దారిలో నీ అట్టముక్క నాలుగుచోట్ల పనికొచ్చింది.

మంచం మీద ఉన్నది రవి అని నర్సు చూపిస్తే తప్ప తెలియలేదు. గడ్డం పెరిగింది. మనిషి సగమయ్యాడు. నా వైపు చూశాడు కానీ గోడను చూసినట్టు చూశాడు. నర్సు కేరళ పిల్ల, నా భుజం మీద చెయ్యి వేసింది.

తర్వాత కంపెనీ మనిషి, ఆసుపత్రి ఆఫీసరు కాగితాలన్నీ పక్కపక్కన పరిచారు. పాస్‌పోర్టులో అంతయ్య. రవి కాగితంలో బుచ్చిరాములు. మన నోటరీ కాగితం అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఆఫీసరు తల అడ్డంగా ఊపాడు. అది అర్థం కావడానికి చెవులు అక్కర్లేదు. అంత దూరం నుంచి, అంతమందితో చెప్పించి, నీ కుర్చీ పణం పెట్టి వచ్చింది ఈ తల ఊపడం కోసమా అనిపించింది. నా ఒళ్లు నా వశంలో లేదు. పోయి రవి మంచం మీద కూర్చుని వాడి ముఖం రెండు చేతులతో పట్టుకుని అరిచాను. "అరే రవీ, నేన్రా! బుచ్చిరాములును! మీ బాపునురా!" వార్డంతా ఇటు తిరిగింది కాబట్టి బాగా గట్టిగానే అరిచి ఉంటాను. బాయిలో దిగిన నాటి నుంచి ఆ పేరు నా నోటితో అంత గట్టిగా అన్నది లేదు.

వాడి కళ్లు నా మీద ఆగాయి. ఈసారి గోడను చూసినట్టు లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పెదవులు కదిలాయి.

నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆఫీసరు కొంచెంసేపు మా ఇద్దరినీ చూసి, కాగితం నా ముందుకు జరిపి, పెన్ను ఇచ్చాడు. వాడి కాగితంలో ఉన్నట్టే బుచ్చిరాములు అని సంతకం పెట్టాను. చెయ్యి తిరగక వంకరగా వచ్చింది. శుక్రవారం విమానం. నడుము కింద చలనం రాదంటున్నారు. ఆ సంగతి ఇంటికొచ్చాక ఏడుద్దాం. మీ ఆఫీసువాళ్లు పిలిస్తే నేను కూడా వస్తాను, నా పేరు నేనే చెబుతాను.

ఒక్కటే నన్ను తింటోంది బిడ్డా. వాడు ఏమన్నాడో నాకు వినపడలేదు. చిన్న మాటే. అవ్వా అని పోయినదాన్ని పిలిచాడో, బాపూ అని నన్నే పిలిచాడో. నర్సును అడుగుదామంటే ఆమెకు తెలుగు రాదు. బాపూ అన్నట్టు పెదవులు రెండుసార్లు కలిసినట్టే అనిపించింది కానీ నా కళ్ల నిండా నీళ్లు, సరిగా చూడలేదు. అప్పటి నుంచి వాడు మళ్లీ నోరు తెరవలేదు. మళ్లీ అంటాడేమోనని కళ్లు తుడుచుకుని వాడి ముఖమే చూస్తూ కూర్చున్నాను.

ఇంటికొచ్చాక నువ్వు వాడి పక్కన కూర్చుని విను. ఏమంటున్నాడో పలక మీద నాకు రాసి చూపించు.

నీ బాపు,
బుచ్చిరాములు